కారులో పుస్తకం తెరిస్తే చాలు, కడుపులో తిప్పేస్తోంది

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, మా అమ్మాయికి 9. ఇద్దరికీ పుస్తకమంటే ప్రాణం. నెలకోసారి కారులో మూడు గంటలు ప్రయాణం చేసి, మర్నాడు తిరిగి రావాల్సి ఉంటుంది. దారిలో చదువుకుందామని ప్రతిసారీ పుస్తకాలు సర్దుకుంటాం. రెండో పేజీ తిప్పేలోపే నాకు తల బరువెక్కుతుంది, నోట్లో నీళ్లూరతాయి, ఆపైన వాంతి. పాపదీ అదే వరస. పోయినసారి ఒళ్లో ఉన్న పుస్తకం మీదే వాంతి చేసుకుంది. అది తనకిష్టమైన పుస్తకం, ఇప్పటికీ తలుచుకుని ఏడుస్తోంది. విచిత్రమేమిటంటే రైల్లో నేను ఎన్ని గంటలైనా చదవగలను. కారు మావారు నడుపుతారు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ‘అదంతా మనసు, గట్టిగా అనుకుంటే పోతుంది’ అంటారు. మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతోంది గానీ నిద్ర ముంచుకొచ్చి చదువు సాగడం లేదు. నా మాత్రనే సగం చేసి పాపకు ఇవ్వవచ్చా? అసలు మేం కారులో చదువుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మాత్ర సంగతి చెప్పి, తర్వాత మిగతా విషయాల్లోకి వస్తాను. మీ మాత్రను సగం చేసి పాపకు ఇవ్వకండి. పెద్దల మోతాదులో సగం తీస్తే పిల్లల మోతాదు అయిపోదు. వయసూ బరువూ చూసి డాక్టరు లెక్క కట్టాలి. ఈ మందులు కొందరు పిల్లల్లో మగతకు బదులు చిరాకు, నిలవలేనితనం తెస్తాయి. వీటిలో ఒకటైన ప్రొమెథజీన్‌ను రెండేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మీ పాప ఆ వయసు దాటిందన్నది నిజమే. అయినా ఏ మందు, ఎంత, ఎప్పుడు అనేది పిల్లల డాక్టరు నోటి నుంచే రావాలి.

ఇక మీవారి మాట. అది తప్పని కచ్చితంగా చెబుతున్నాను. కారు పడకపోవడానికీ మనోబలానికీ సంబంధం లేదు. చార్లెస్ డార్విన్ 1831 చివర్లో బీగిల్ ఓడ ఎక్కి 1836లో తిరిగొచ్చాడు. అంతకాలం సముద్రం మీద తిరిగినా ఓడ ఊగినప్పుడల్లా వికారం ఆయన్ను వదల్లేదు. ఊయల మంచంలో పడుకుంటే తప్ప ఉపశమనం ఉండేది కాదు. ఆ యాత్రలో పోగుచేసిన వాటితో జీవశాస్త్రాన్నే మలుపు తిప్పిన మనిషికి పట్టుదల లేదని అనగలమా?

ఇంతకంటే బలమైన రుజువు ఇంకొకటుంది. 1882లో అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ వినికిడి లేనివారి మీద ఒక పరిశీలన ప్రచురించారు. గిరగిరా తిప్పినా వాళ్లలో చాలామందికి కళ్లు తిరగలేదు. కారణం లోపలి చెవిలో ఉంది. వినడానికి పనికొచ్చే భాగం పక్కనే కదలికను పసిగట్టే భాగం కూడా ఉంటుంది. వాళ్లలో కొందరికి రెండూ దెబ్బతిన్నాయి. తర్వాత జరిగిన పరిశోధనల్లో, రెండు చెవుల్లోనూ ఈ రెండో భాగం పనిచేయనివారికి తుపాను సముద్రంలో కూడా వాంతి రాదని తేలింది. అంటే పిరికివాళ్లకు వచ్చి, ధైర్యవంతులకు రాకపోయే జబ్బు కాదిది. చెవి సరిగా పనిచేసే ఎవరికైనా రావచ్చు, కొందరికి తొందరగా, కొందరికి ఆలస్యంగా. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే గుణం కూడా ఇందులో ఎక్కువే. కాబట్టి మీ ఇద్దరికీ ఒకే వరస అంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. భయం ఉన్న వికారాన్ని పెంచుతుంది, అంతవరకు నిజం. కానీ దాన్ని పుట్టించేది భయం కాదు.

పుట్టించేది ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరడిగిన దారి అందులోనే ఉంది. ఒక్కో చెవి లోపల ద్రవంతో నిండిన మూడు సన్నని వంపు గొట్టాలు ఉంటాయి. తల ఏ వైపు తిరిగినా ఆ గొట్టాల గోడలు తలతో పాటు తిరుగుతాయి, లోపలి ద్రవం మాత్రం క్షణం వెనకబడుతుంది. చేతిలో గ్లాసును చటుక్కున తిప్పితే గ్లాసు తిరిగి నీళ్లు ఆగిపోయినట్టే. ఆ తేడాను బట్టి మెదడుకు తల తిరిగిందని తెలుస్తుంది. వీటి పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. వాటిలో జిగురు పొర మీద సున్నపు స్ఫటికాలు పేర్చి ఉంటాయి. కారు వేగం అందుకున్నా, బ్రేకు పడ్డా, పక్కకు ఒరిగినా ఆ స్ఫటికాల బరువుకు పొర జరుగుతుంది. ఇదంతా చీకట్లో కూడా, కళ్లు మూసుకున్నా కూడా జరిగిపోతూనే ఉంటుంది.

ఇప్పుడు వెనక సీట్లో మీ పాపను ఊహించుకోండి. పుస్తకం ఒళ్లో ఉంది, తల కిందికి వంగి ఉంది. ఎదురుగా ముందు సీటు వీపు. పక్కన కిటికీ ఉన్నా పిల్ల ఎత్తుకు దాని అంచే కనిపిస్తుంది. కంటికి అందేదంతా కాగితం, సీటు, తన మోకాళ్లు. వీటిలో ఏదీ కదలడం లేదు. ‘ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాం’ అని కన్ను చెబుతోంది. ‘ఎడమకు తిరిగాం, ఆగాం, మళ్లీ ముందుకు దూకాం’ అని చెవి చెబుతోంది. రెండూ నమ్మకమైన సాక్షులే. ఈ మాటల తేడా సాగేకొద్దీ మెదడు తికమకపడి కడుపును కదిలిస్తుంది. రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో ఈ వివరణను ఒక పుస్తకంగా తెచ్చారు. ఈనాటికీ ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ ఇదే.

తికమకకు వాంతి ఎందుకు రావాలన్న ప్రశ్న మిగులుతుంది. 1977లో ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చెప్పారు. విషం తిన్నప్పుడు కూడా కంటికీ చెవికీ పొంతన తప్పుతుంది. అందుకే పొంతన తప్పగానే ఒంట్లోకి విషం చేరిందనుకుని శరీరం దాన్ని బయటికి నెట్టాలని చూస్తుందని ఆయన వాదన. అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం కాదు గానీ, పాప వాంతి చేసుకున్నప్పుడు తనను తాను తిట్టుకోకుండా ఉండటానికి ఈ మాట చెప్పి చూడండి. ‘నీ ఒళ్లు నిన్ను కాపాడబోయింది, కాకపోతే పొరపాటు పడింది’ అంటే తొమ్మిదేళ్ల పిల్లకు బాగా అర్థమవుతుంది.

మీవారికి ఎందుకు రాదో కూడా దీనితోనే తేలిపోతుంది. ఆయన చూపు రోడ్డు మీద ఉంటుంది. మలుపు రాబోతోందని ముందే తెలుసు, బ్రేకు తొక్కేది తన కాలే. చెవికి అందేదేదీ ఆయన మెదడుకు కొత్త కాదు. కారు పడనివాళ్లను కూడా స్టీరింగు ముందు కూర్చోబెడితే సాధారణంగా ఏమీ కాదు. మీకు కారు నడపడం వస్తే, ఈసారి దారిలో కాసేపు మీరు నడపండి, ఆయన్ను వెనక కూర్చుని ఫోనులో ఏదైనా చదవమనండి. వాదించి ఒప్పించే కంటే ఇది మేలు. ఒకవేళ ఆయనకు ఏమీ కాకపోయినా, ఆ కాసేపు మీకు చదవడం కుదరకపోయినా, వికారం లేని ప్రయాణం దక్కుతుంది.

రైల్లో ఎన్ని గంటలైనా చదవగలగడం విచిత్రమన్నారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నింటికన్నా విలువైన మాట అదే. లోపలి చెవి వేగాన్ని పసిగట్టలేదు. వేగంలో వచ్చే మార్పునే పసిగడుతుంది. తిన్నని దారిలో ఒకే వేగంతో పోతున్న బండిలో చెవి దాదాపు మౌనంగా ఉంటుంది. రైలు పట్టాల మలుపులు విశాలంగా ఉంటాయి, రైలు మెల్లగా వేగం అందుకుని మెల్లగా ఆగుతుంది. కారు అలా కాదు. ముందు బండిని దాటాలి, సిగ్నల్ దగ్గర ఆగాలి, గుంత తప్పించాలి, మలుపు తిరగాలి. చిన్నచిన్న అదురుల కంటే నెమ్మదైన ఊపు ఎక్కువ వికారం తెస్తుంది. ఓడల కదలికను అనుకరించి చేసిన ప్రయోగాల్లో, దాదాపు ఐదు సెకన్లకొకసారి వచ్చే ఊపు అన్నిటికంటే ఎక్కువ తిప్పుతుందని తేలింది. కాబట్టి గతుకుల రోడ్డు నడుము విరగ్గొట్టినా కడుపును అంతగా తిప్పకపోవచ్చు. నున్నటి కొండదారి మలుపులు మాత్రం తిప్పేస్తాయి.

అందుకే కారులో చదవగలమా లేదా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఈ దారిలో ఎక్కడ చదవగలం అని అడగమంటున్నాను. మీరు వెళ్లేది ప్రతి నెలా అదే దారి. ఇది మీకు పెద్ద అనుకూలత. ఈసారి వెళ్లేటప్పుడు పుస్తకం తెరవకుండా దారిని గమనించండి. ఊరు దాటేదాకా ఆగుతూ సాగే దారి ఎంతసేపు? ఆ తర్వాత తిన్నగా, ఒకే వేగంతో పోయే దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మలుపులు ఎక్కడున్నాయి? మూడు గంటల్లో తిన్నని దారి గంట దొరికినా అదే మీ చదువు గంట. మిగతా రెండు గంటల్లో పుస్తకం సంచిలోంచి బయటికి రాకూడదు. మీవారికి కూడా దీనిలో పని ఉంది. మీరు చదివే గంటలో వేగం నిలకడగా ఉంచమనండి. బ్రేకు ముందుగా, మెల్లగా వేయమనండి, వరసలు మారడం తగ్గించమనండి. నడిపే మనిషి తీరు మారితే వెనక కూర్చున్నవాళ్ల కడుపు ఎంత కుదుటపడుతుందో చాలామంది నడిపేవాళ్లకు తెలియదు.

తర్వాతది పుస్తకం పట్టుకునే తీరు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. పుస్తకం ఒళ్లో ఉంటే తల వంగుతుంది. వంగిన తలతో మలుపు తిరిగితే చెవిలోని గొట్టాలు అలవాటు లేని కోణంలో కదిలి గందరగోళం రెట్టింపవుతుంది. పైగా చూపు పక్కల నుంచి కూడా బయటి ప్రపంచం మాయమైపోతుంది. అదే పుస్తకాన్ని కిటికీ కింది అంచు కంటే పైకి, కళ్లకు ఎదురుగా ఎత్తితే మధ్యలో అక్షరాలు కనిపిస్తూ, అంచుల్లో రోడ్డు, చెట్లు వెనక్కి జరిగిపోవడం కనిపిస్తుంది. వాటిని మీరు పనిగట్టుకుని చూడక్కర్లేదు, అంచు చూపుకు అందితే చాలు, కన్ను చెప్పే మాటకూ చెవి చెప్పే మాటకూ కొంత పొత్తు కుదురుతుంది. కారులో తెరను ముందు అద్దం ఎత్తున పెట్టినవారి కంటే, కింద డ్యాష్‌బోర్డు అర దగ్గర పెట్టినవారికి ఎక్కువ వికారం వచ్చిందని పరీక్షించి చూశారు కూడా. చేతులు నొప్పెడతాయి, నిజమే. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. తల వెనక్కి ఆనించి హెడ్‌రెస్ట్‌కు గట్టిగా తగిలించండి, అటూ ఇటూ ఊగనివ్వకండి. సన్న అక్షరాల పుస్తకాలు ఇంట్లో ఉంచి, పెద్ద అక్షరాలవి తెచ్చుకోండి. పేరా చివరికి రాగానే తలెత్తి దూరంగా రోడ్డు కలిసే చోటును కాసేపు చూసి, మళ్లీ పుస్తకంలోకి రండి.

ఇక్కడ భద్రత మాట ఒకటి. మీరు ముందు సీట్లో కూర్చుంటే గట్టి అట్ట పుస్తకాన్ని గానీ ట్యాబ్‌ను గానీ ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది నేరుగా ముఖానికి తగులుతుంది. అంటే, ముందు సీటు వికారానికి మంచిది, చదవడానికి కాదు. ఇంకొకటి: పడుకుంటే హాయిగా ఉంటుందని సీటును పూర్తిగా వెనక్కి వాల్చకండి. వాలిన సీట్లో బెల్టు ఒంటిని సరిగా పట్టి ఉంచలేదు. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టాలనే ఆలోచన కూడా వద్దు. పన్నెండేళ్లు దాటేదాకా పిల్లలకు వెనక సీటే క్షేమం. వెనక మధ్య సీట్లో సరైన బెల్టు ఉండి, పాప ఎత్తుకు అది సరిపోతే అక్కడ కూర్చోబెట్టండి, రెండు సీట్ల మధ్య నుంచి ముందు రోడ్డు కనిపిస్తుంది. ఎత్తు చాలకపోతే బూస్టర్ సీటు వాడండి. బెల్టు సరిగా కుదరడానికే అది ఉన్నది, కిటికీలోంచి బయటికి కనిపించడం దానితో పాటు వచ్చే లాభం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆపే సమయం. వికారం ఒక్కసారిగా వచ్చి పడదు, ముందే కబురు పెడుతుంది. మీరు నోట్లో నీళ్లూరడం గురించి రాశారు. అది వచ్చేసరికి ఆలస్యమైపోయినట్టే. దానికి ముందే ఆవులింతలు మొదలవుతాయి, నిద్ర చాలక వచ్చినవి అనుకుంటాం. పిల్లల్లోనైతే అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల సద్దుమణుగుతుంది. పెదాల చుట్టూ రంగు తగ్గుతుంది. ఊరకే గుటకలు మింగుతుంది. నుదుటి మీద చెమట పడుతుంది, తాకితే చల్లగా ఉంటుంది. చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటుంది. ఇవేవీ ‘కడుపులో తిప్పుతోంది’ అని పాప నోటితో చెప్పేలోపు కనిపించేవే. మొదటి ఆవులింతకే పుస్తకం మూసేయాలి, అధ్యాయం సగంలో ఉన్నా సరే. ‘ఈ పేజీ అయ్యాక’ అన్న ఒక్క మాటే ఎన్నో ప్రయాణాలను పాడు చేస్తుంది. ఎందుకంటే వికారం మొదలయ్యాక పుస్తకం మూసినంత మాత్రాన పోదు. చాలాసేపు సన్నగా ఉండిపోతుంది, ఆలోపు మళ్లీ తెరిస్తే ఇంకా తొందరగా ముంచుకొస్తుంది. ఆ రోజుకు చదువు ముగిసిందనుకోవాలి.

మూసేశాక ఏం చేయాలంటే, చూపు దూరానికి పంపాలి, కిటికీ దించి చల్లగాలి ముఖానికి తగలనివ్వాలి, ఊపిరి నెమ్మదిగా ఒకే లయలో తీసి వదలాలి. ఊపిరి మీద ధ్యాస పెట్టడం ఉత్త ఓదార్పు కాదు, వికారాన్ని నిజంగానే వాయిదా వేస్తుందని ప్రయోగాల్లో తేలింది. నచ్చిన పాట వినడం కూడా అంతే. బయటికి చూడలేకపోతే కళ్లు మూసుకోండి, కనీసం కన్ను ‘కదలడం లేదు’ అని చెప్పడం మానేస్తుంది. వీలైతే కారు ఆపించి దిగి కాసేపు నడవండి. పోయినసారి పాపకు జరిగిన అవమానం మళ్లీ జరగకూడదంటే మూత బిగించుకోగల సంచి చేతికందే చోట ఉంచండి. అది ఉందన్న ధైర్యమే సగం బెంగను తీసేస్తుంది.

ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు, నిండా తిని కూడా బయలుదేరవద్దు. నూనె ఓడేవి, ఘాటు వాసన వేసేవి కారులోకి రానివ్వకండి. పరిమళం బిళ్లలు కూడా తీసేయండి. అల్లం కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. పరీక్షల ఫలితాలు కూడా అలాగే రెండు రకాలుగా ఉన్నాయి. హాని లేదు కాబట్టి చిన్న ముక్క నమిలి చూడవచ్చు. మణికట్టు దగ్గర నొక్కి పట్టే పట్టీల సంగతీ అంతే.

ఈ మధ్య పరికరాలు కూడా వచ్చాయి. 2024లో ఆపిల్ ఫోన్లలో, ఐప్యాడ్‌లలో ఒక సదుపాయం చేర్చారు. ఆన్ చేస్తే తెర అంచుల్లో చుక్కలు కనిపిస్తాయి. కారు తిరిగినప్పుడు, ఆగినప్పుడు అవి కూడా దానికి తగ్గట్టు జరుగుతాయి. ఇందాక చెప్పిన చెట్లు, రోడ్డు చేసే పనిని ఈ చుక్కలు చేస్తాయన్నమాట. 2018లో సిట్రోయెన్ అనే కార్ల కంపెనీ కళ్లజోడు ఒకటి తెచ్చింది, అద్దాల్లేని వలయాల్లో నీలి ద్రవం అటూ ఇటూ జరుగుతుంటుంది. సూత్రం అదే. మీ దగ్గర ఆ ఫోనుంటే చుక్కలు ఆన్ చేసి చూడండి, ఖర్చేమీ లేదు. అందరికీ పనిచేస్తాయని హామీ ఇవ్వలేను గానీ, ఆలోచన సరైనదే.

అలవాటు చేసుకోగలమా అంటే, చాలామంది చేసుకోగలరు. ఓడల్లో, విమానాల్లో పనిచేసేవారికి అన్ని మందుల కంటే ఎక్కువ మేలు చేసేది ఈ అలవాటే. పద్ధతి తెలియాలి. చిన్న ప్రయాణాల్లో, తిన్నని దారిలో, ఒకటి రెండు నిమిషాలు చదివి వికారం మొదలవకముందే ఆపాలి. తర్వాతి ప్రయాణంలో ఇంకొంచెం. వాంతి దాకా వెళ్లిన రోజు అలవాటు పెరగదు, భయమే పెరుగుతుంది. నెలకోసారి చేస్తే మాత్రం ఫలితం తక్కువ, మధ్యలో ఒళ్లు మరిచిపోతుంది. ఊళ్లోనే వారంలో కొన్నిసార్లు కారులో పక్క సీట్లోనో, వెనక సీట్లోనో కూర్చునే పనుంటే ఆ కాసేపును వాడుకోండి. డార్విన్‌లా ఎంతకాలానికీ అలవాటు పడనివాళ్లూ ఉంటారు. మీరు ఆ కోవలోకి వస్తే దాన్ని ఓటమిగా తీసుకోకండి.

మందుల దగ్గరికి వద్దాం. మాత్ర నిద్ర తెస్తోందన్నారు. అది ఆ మందు గుణమే. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1947లో ఒక గర్భిణికి దద్దుర్లు తగ్గడానికి కొత్త మందు ఇచ్చారు. ట్రామ్ ఎక్కితే వికారంతో బాధపడే ఆమెకు, ఆ మందు వేసుకున్న రోజుల్లో ఆ బాధ లేకుండా పోయింది. డాక్టర్లు దాన్ని పట్టుకుని 1948లో సైనికులను తీసుకెళ్లే ఓడలో పరీక్షించారు. అలా వచ్చిందే డైమెన్‌హైడ్రినేట్. అంటే దద్దుర్ల మందే ప్రయాణపు మందైంది. ఈ కుటుంబపు పాత మందులు మెదడులోకి వెళ్తాయి కాబట్టే వికారాన్ని ఆపుతాయి, అందుకే నిద్ర కూడా తెస్తాయి. నిద్ర రాని కొత్త అలర్జీ మాత్రలు మెదడులోకి పెద్దగా వెళ్లవు, కాబట్టి ఈ పనికి పెద్దగా ఉపయోగపడవు. అజీర్తికో, ఇతర వాంతులకో రాసిన మాత్రలన్నీ కూడా దీనికి పనిచేయవు. ఉదాహరణకు ఆన్‌డాన్‌సెట్రాన్ వేరే వాంతులకు గొప్ప మందు, కారు వికారాన్ని ఆపడంలో మాత్రం తేలిపోతుంది.

చెవి వెనక అంటించే స్కోపోలమీన్ ప్యాచ్ కొన్ని దేశాల్లో డాక్టరు చీటీతో దొరుకుతుంది. బయలుదేరడానికి నాలుగు గంటల ముందు అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది. మగత తక్కువే గానీ నోరు ఎండుతుంది, దగ్గరి చూపు మసకబారవచ్చు. చదవడం కోసం వేసుకున్న మందు అక్షరాలనే మసక చేస్తే ఏం లాభం? మీ అవసరానికి దాన్ని నేను సూచించను. గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు అసలు వాడకూడదు. పిల్లలకు కూడా వద్దు.

కాబట్టి మందును చదువు కోసం వాడకండి, ప్రయాణం కోసం వాడండి. ఆ రోజు దారి బాగా మలుపులదైతే, ఒంట్లో నలతగా ఉంటే, మాత్ర వేసుకుని నిద్రపోవడమే సరైన పని. మాత్ర ఏదైనా బయలుదేరడానికి ముందే వేసుకోవాలి. డైమెన్‌హైడ్రినేట్ లాంటివి అరగంట నుంచి గంట ముందు, సిన్నరిజీన్ అయితే రెండు గంటల ముందు. వికారం మొదలయ్యాక కడుపు తన పని మానేసి కూర్చుంటుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. మీకు ఏ మాత్రకు ఎంత మగత వస్తుందో మనిషిని బట్టి మారుతుంది, కాబట్టి తక్కువ మగత తెచ్చేది మార్చి చూడవచ్చా అని డాక్టరును అడగండి. మాత్ర వేసుకున్న రోజు మాత్రం స్టీరింగు ముట్టుకోవద్దు. మిమ్మల్ని కాసేపు నడపమని ఇచ్చిన సలహా మాత్ర లేని రోజుకే.

కారులో కథ కావాలంటే, మలుపుల రెండు గంటలకు ఆడియో బుక్ ఉంది. చదువుకు అది ప్రత్యామ్నాయం కాదని కొందరు పుస్తకప్రియులు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. కళ్లు రోడ్డు మీద, చెవులు కథలో ఉంటే కారులో అంతకన్నా మంచి అమరిక లేదు. ముగ్గురూ ఒకే కథ వినవచ్చు, మీవారు కూడా. లేదా తిన్నని దారిలో మీకు బాగుంటే మీరు పైకి చదవండి, పాప కిటికీలోంచి చూస్తూ వింటుంది. ఆగే చోట పాపను పైకి చదవమనండి, మీరు కళ్లు మూసుకుని వినండి. పాడైన పుస్తకం ఇంకో ప్రతి కొనిపెట్టండి, ఇది నా ఉత్త అభిప్రాయమే. కానీ దాన్ని కారులోకి తీసుకెళ్లనివ్వకండి. కారుకు వేరే పుస్తకం.

పాప వయసు గురించి ఒక మాట. రెండేళ్ల లోపు పిల్లలకు ఈ బాధ అరుదు. ఆ తర్వాత పెరుగుతూ పోయి తొమ్మిది, పదేళ్లకు బాగా ఎక్కువగా ఉంటుంది. కౌమారం దాటేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. మీ పాప ఇప్పుడు అది ఎక్కువగా ఉండే వయసులోనే ఉంది. ‘ఎప్పటికీ ఇంతేనా?’ అని అడిగితే ‘చాలామందికి తగ్గుతుంది’ అని నిజాయితీగా చెప్పవచ్చు. మీ విషయంలో నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. మైగ్రేన్ ఉన్నవారికి కూడా ఎక్కువే. మీ ఇద్దరిలో ఎవరికైనా ప్రయాణం లేనప్పుడు కూడా ఒకవైపు తలనొప్పి, వెలుతురు భరించలేకపోవడం ఉంటే డాక్టరుకు ఆ మాట కూడా చెప్పండి. మైగ్రేన్‌కు వైద్యం చేయించుకుంటే ప్రయాణపు బాధ కూడా కొంత తేలికపడవచ్చు. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా కళ్లు తిరగడం, చెవి వినిపించకపోవడం, చెవిలో హోరు, నడకలో తూలడం, లేదా ఎన్నడూ కారు ఇబ్బంది లేని మనిషికి కొత్తగా మొదలవడం, ఇవి కనిపిస్తే కారు సంగతి పక్కన పెట్టి వెంటనే చూపించుకోవాలి.

వచ్చే నెల ప్రయాణానికి పాప చేతికి ఒక కాగితం, పెన్సిలు ఇవ్వకండి, రాయడం కూడా చదవడమే. దారిలో మలుపులు ఎక్కడున్నాయో, తిన్నని దారి ఎక్కడ మొదలవుతుందో పైకి చెప్పమనండి, మీరు గుర్తుపెట్టుకుని ఆగిన చోట రాసుకోండి. పాపకు పని దొరుకుతుంది, చూపు కిటికీ బయటే ఉంటుంది. ఆ పై నెలలో ఆ తిన్నని దారిలో ఐదు నిమిషాలు చదివి చూడండి.